గుండ్రటి రంధ్రం... గుప్పెడంత ఇంజిన్!

ఇంగ్లండ్‌లో చాలా ఇళ్ల వెనక ఓ చిన్న షెడ్డు ఉంటుంది. తోటపని సామాన్లు పెట్టుకోవడానికి కట్టుకున్నదే. కానీ కొన్ని షెడ్లలో పార, గునపం బదులు లేతు మిషన్ కనిపిస్తుంది. సెలవు రోజు వస్తే చాలు, ఇంటాయన అందులో దూరిపోతాడు. సాయంత్రానికి నల్లటి ఇనుప పొడి అంటిన చేతులతో బయటికొస్తాడు. ‘పొద్దుటి నుంచీ ఏం చేశారు?’ అని ఇంట్లోవాళ్లు అడిగితే సమాధానం ఒక్కటే... ‘ఓ రంధ్రం’!

నవ్వకండి. అది మామూలు రంధ్రం కాదు. బల్లమీద పెట్టుకునే బుల్లి ఆవిరి ఇంజిన్‌కి అదే గుండెకాయ. అది కుదిరితే ఇంజిన్ తిరుగుతుంది. కుదరకపోతే ఎంత అందంగా రంగులు వేసినా అది ఉత్త బొమ్మే. ఆ రంధ్రం కోసమే ఒకప్పుడు జేమ్స్ వాట్ అంతటివాడు పదేళ్లు ఎదురుచూశాడు.

సైకిల్ పంపు చాలు

ఇంట్లో సైకిల్ పంపు ఉంటే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. లోపలి వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా ట్యూబులోకి గాలి ఎక్కదు. పక్కల నుంచి తప్పించుకుపోతుంది. ఆవిరి ఇంజిన్‌లో జరిగేది దీనికి తిరగేసిన పని. పంపులో మనం పిస్టన్‌ని నెడితే గాలి కదులుతుంది. ఇంజిన్‌లో ఆవిరి నెడితే పిస్టన్ కదులుతుంది. సిలిండర్ లోపలి రంధ్రం ఓ చోట వెడల్పుగా, ఓ చోట ఇరుకుగా ఉంటే వెడల్పున్నచోట ఆవిరి జారిపోతుంది, ఇరుకున్నచోట పిస్టన్ బిగుసుకుపోతుంది.

బొమ్మే గురువు

కెటిల్ మూత ఎగరడం చూసి వాట్ ఆవిరి ఇంజిన్ కనిపెట్టాడన్న కథ చిన్నప్పుడు అందరూ విన్నదే. నిజానికి అతని కన్నా ముందే న్యూకొమెన్ ఇంజిన్లు గనుల్లో నీళ్లు తోడుతున్నాయి. వాట్‌కి అసలు గురువు కెటిల్ కాదు, ఓ బొమ్మ ఇంజిన్! గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి న్యూకొమెన్ ఇంజిన్ నమూనా ఒకటి ఉండేది. సిలిండర్ వెడల్పు 2 అంగుళాలే. అది సరిగా పనిచేయడం లేదని 1763లో మరమ్మతుకి వాట్ చేతికిచ్చారు. బాగుచేసినా నాలుగైదుసార్లు ఊగి ఆగిపోయేది. ఎందుకా అని ఆరా తీస్తే అసలు లోపం బయటపడింది. లోపలి ఆవిరిని నీరుగా మార్చడానికి ప్రతిసారీ సిలిండర్‌లోకి చన్నీళ్లు చిమ్ముతారు. అది చల్లబడుతుంది. మళ్లీ వేడెక్కించడానికే ఆవిరిలో చాలా భాగం ఖర్చయిపోతోంది. వస్తువు చిన్నదయ్యేకొద్దీ వేడి త్వరగా పోతుంది కాబట్టి బొమ్మలో ఆ లోపం మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది.

1765లో ఓ ఆదివారం గ్లాస్గో మైదానంలో నడుస్తుంటే ఉపాయం తట్టింది. సిలిండర్‌ని వేడిగానే ఉంచి, ఆవిరిని పక్కనున్న వేరే పాత్రలోకి పంపి చల్లబరిస్తే? వెంటనే ప్రయోగం చేశాడు. సిలిండర్‌గా ఏం వాడాడో తెలుసా? వైద్యులు వాడే పెద్ద ఇత్తడి సిరంజి! వెడల్పు అంగుళం ముప్పావు, పొడవు 10 అంగుళాలు. ప్రయోగం ఫలించింది.

చిక్కల్లా పెద్ద ఇంజిన్‌తోనే వచ్చింది. న్యూకొమెన్ ఇంజిన్‌లో పిస్టన్ మీద తోలు పరిచి, దానిపై నీళ్లు నిలిపేవారు. రంధ్రం వంకరైనా ఆ నీళ్లే సందులు మూసేవి. వాట్ సిలిండర్ ఎప్పుడూ వేడిగా ఉండాలి... నీళ్లు పోస్తే పనికిరాదు. స్కాట్లండ్‌లోని కిన్నీల్‌లో 1769లో తయారైన ఇంజిన్‌కి 18 అంగుళాల సిలిండర్ పెట్టారు. అది గుండ్రంగా కుదరలేదు. గుడ్డపీలికలు, బెరడు, అట్టముక్కలు... ఏవి కుక్కినా ఆవిరి ఆగలేదు. సంసారం గడవడానికి వాట్ కాలువల సర్వే పనులకు వెళ్లాడు. 1773లో పెట్టుబడి పెట్టిన రీబక్ దివాలా తీశాడు. అదే ఏడాది వాట్ భార్య చనిపోయింది. బుర్రలో ఇంజిన్ సిద్ధంగా ఉంది. దాన్ని నిలబెట్టే రంధ్రమే దొరకలేదు.

రెండు చివర్లా పట్టుకుంటే...

ఆ రంధ్రాన్ని ఇచ్చినవాడు జాన్ విల్కిన్సన్. ఫిరంగులు పోతపోసే ఇనుప వ్యాపారి. పొడవాటి గరిటను ఒక చివర పట్టుకుని రెండో చివర బరువు పెడితే ఊగుతుంది. అప్పటిదాకా సిలిండర్లను తొలిచే పనిముట్టూ అలాగే ఊగుతూ రంధ్రాన్ని వంకర చేసేది. విల్కిన్సన్ ఓ లావుపాటి కడ్డీని సిలిండర్ గుండా దూర్చి, రెండు చివర్లా ఆధారం ఇచ్చాడు. కోసే పనిముట్టు ఆ కడ్డీ మీద నెమ్మదిగా జరుగుతుంది. ఇక ఊగే ప్రసక్తే లేదు! 1775లో ఆ యంత్రం మీద వాట్‌కి సిలిండర్ తయారైంది. మరుసటి ఏడాదే వాట్ ఇంజిన్లు పనిలోకి దిగాయి. 50 అంగుళాల సిలిండర్‌లో తేడా ఎక్కడా పాత షిల్లింగ్ నాణెం మందాన్ని మించలేదని వాట్ భాగస్వామి బోల్టన్ సంబరపడ్డాడు.

షెడ్డులో అదే పాఠం

ఇప్పుడు మళ్లీ షెడ్డులోకి వద్దాం. కొత్తగా చేయిపెట్టేవారికి తరతరాలుగా తొలి పాఠం స్టువర్ట్ ‘10వి’ అనే ఇంజిన్. పోతపోసిన ముడి ఇనుప ముక్కలు, నక్షా పెట్టెలో వస్తాయి. సిలిండర్ రంధ్రం ముప్పావు అంగుళం, ఫ్లైవీలు 3 అంగుళాలు. మిగతా పనంతా కొన్నవాళ్లదే.

ముందు పోత ముక్కను లేతు చక్‌లో బిగించి, నడిమధ్యన తిరిగేలా సర్దాలి. దీనికే గంట పట్టొచ్చు. పోత పైపొర ఇసుక అంటి గట్టిగా ఉంటుంది. మొదటి కోత ఆ పొర కిందికి దిగాల్సిందే, లేదంటే పనిముట్టు మొండిదవుతుంది. ఆ తర్వాత కొద్దికొద్దిగా తొలుస్తూ పోవాలి. ఇక్కడా గరిట బాధ తప్పదు. సన్నటి పనిముట్టు ఒత్తిడికి కాస్త వంగుతుంది. అందుకే చివర్లో లోతు పెంచకుండా అదే కొలత మీద రెండు మూడుసార్లు నడిపిస్తారు. వంగినప్పుడు వదిలేసిన పిసరంత లోహాన్ని అప్పుడు కోస్తుంది. ఇంకా పెద్ద సిలిండర్ అయితే లేతు రెండు కేంద్రాల మధ్య కడ్డీ బిగించి తొలుస్తారు. అంటే... అచ్చం విల్కిన్సన్ పద్ధతే!

పిస్టన్ విషయంలోనూ ఓ కిటుకుంది. దాన్ని విడిగా చేసి కడ్డీకి తగిలిస్తే మధ్యకు కుదరకపోవచ్చు. అందుకే ముందే కడ్డీకి బిగించి, ఆఖరి కోత అప్పుడు కోస్తారు. ఇక్కడ లెక్కంతా అంగుళంలో వెయ్యో వంతుల్లోనే. తల వెంట్రుక మందమే సుమారు మూడు వెయ్యో వంతులు ఉంటుంది మరి. తొందరపడి ఒక్క కోత ఎక్కువ కోస్తే మళ్లీ లోహాన్ని అతికించలేరు. పోత ముక్క మూలన పడుతుంది, నెల రోజుల ఆదివారాలు నీళ్లపాలవుతాయి.

రైల్వే కార్మికుడి పాఠాలు

ఈ విద్యను సామాన్యుల ఇళ్లకు చేర్చడానికి 1898లో పెర్సివల్ మార్షల్ ‘మోడల్ ఇంజినీర్’ పత్రిక మొదలుపెట్టాడు. అందులో ‘ఎల్‌బీఎస్‌సీ’ పేరుతో రాసిన కర్లీ లారెన్స్‌ది ప్రత్యేక స్థానం. తను పనిచేసిన రైల్వే సంస్థ పొడి అక్షరాలనే కలంపేరు చేసుకున్నాడు. అసలు రైలింజిన్‌ను పోలిన బాయిలర్ బుల్లి ఇంజిన్లకు పనికిరాదని అప్పట్లో పెద్దపెద్ద వాళ్ల మాట. రెండున్నర అంగుళాల పట్టాల మీద నడిచే తన ‘ఆయేషా’తో అది తప్పని చూపించాడు. బాసెట్-లోక్ సంస్థ ఇంజిన్‌తో 1924లో జరిగిన ఆ పోటీకి ‘బాయిలర్ల యుద్ధం’ అని పేరు. గెలిచి ఊరుకోలేదు. చిన్న లేతు, మామూలు పనిముట్లు ఉన్నవాళ్లు కూడా చేసుకునేలా ఒక్కో భాగం గురించి దశాబ్దాల తరబడి రాశాడు.

తొలి తిరుగుడు

అన్నీ బిగించాక నేరుగా ఆవిరి పెట్టేయరు. ముందు గాలి పంపి తిప్పి చూస్తారు. కొత్త బాయిలర్ ఉంటే దానికి ప్రత్యేక పరీక్ష. మామూలుగా పనిచేసే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడిని నీళ్లతో ఇస్తారు. ఆవిరిలా నీళ్లు ఎగదన్నవు కాబట్టి ఎక్కడైనా అతుకు విడినా కారుతుందే తప్ప పేలదు. అందులో నెగ్గాకే నిప్పు రాజేయాలి.

చివరికి ఆ ఆదివారం వస్తుంది. ఇంటిల్లిపాదీ షెడ్డు గుమ్మంలో చేరతారు. ఫ్లైవీలుని వేలితో మెల్లగా కదిపితే... ఓసారి తడబడుతుంది, మరోసారి ఆగుతుంది, ఆ తర్వాత తనంతట తనే తిరగడం మొదలెడుతుంది. వాట్ పదేళ్లు ఎదురుచూసిన క్షణం గుప్పెడంత ఇనుములో మళ్లీ జరిగింది. ‘ఓ రంధ్రం’ అన్నప్పుడు నవ్విన ఇంట్లోవాళ్లు ఇప్పుడు నవ్వరు. ‘ఇంకోసారి తిప్పండి’ అంటారు!