బానిసలు లేనివాడు బానిసత్వం కోసం ఎందుకు చస్తాడు?

మొన్న వీకెండ్ అట్లాంటా దగ్గర స్టోన్ మౌంటెన్‌కి వెళ్ళాం. కొండకి చెక్కిన డేవిస్, లీ, జాక్సన్ బొమ్మల్ని చూస్తూ మా గ్రూపులో ఒకాయన తేల్చి పారేశాడు: "దక్షిణాది సిపాయిల్లో ఎక్కువమందికి ఒక్క బానిస కూడా లేడండీ. బానిసత్వం కోసం ఎందుకు చస్తారు? జీతం కోసం పోయిన పేదోళ్ళు, పాపం." అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

మొదటి ముక్క నిజమే. 1860లో ఆ రాష్ట్రాల తెల్ల కుటుంబాల్లో బానిసలున్నవి మూడోవంతు కూడా లేవు. జీతమంటారా, నెలకి 11 డాలర్లు, అదీ రోజురోజుకీ విలువ పడిపోయే కాగితాల్లో. 1862 ఏప్రిల్‌లో నిర్బంధ సైనిక చట్టం వచ్చింది. అక్టోబరుకల్లా 20 మంది బానిసలున్న తోటకో తెల్లవాడికి మినహాయింపు! పేదోళ్ళు తిట్టుకున్నారు, చాలామంది పారిపోయారు కూడా. మరి మిగిలినవాళ్ళు ఎందుకు నిలబడ్డట్టు?

జేమ్స్ మెక్‌ఫెర్సన్ అనే చరిత్రకారుడు ఇరుపక్షాల్లో వెయ్యిమందికి పైగా సైనికుల ఉత్తరాలు, డైరీలు చదివి 1997లో ఒక పుస్తకం వేశాడు. దేశం, పరువు, పక్కనున్న నేస్తం ముందు పిరికివాడు అనిపించుకోకూడదన్న పట్టుదల, అన్నీ ఉన్నాయి వాటిలో. దక్షిణాదివాళ్ళలో బానిసత్వాన్ని నేరుగా సమర్థించింది 20 శాతమే. "చూశావా మరి!" అనకండి. వాళ్ళకది చర్చించాల్సిన విషయమే కాదు, అందుకే రాయలేదంటాడాయన. పీల్చే గాలి గురించి ఇంటికి ఉత్తరం ఎవడు రాస్తాడు?

యుద్ధానికి ముందే, 1860 డిసెంబరులో, జార్జియా గవర్నర్ జోసెఫ్ బ్రౌన్ పేద తెల్లవాళ్ళని భయపెట్టింది కూడా ఇలాగే: బానిసత్వం పోతే నల్లవాళ్ళు మీతో సమానమైపోతారని. ఏ ఆస్తీ లేనివాడికి మిగిలిన ఆస్తి అదొక్కటే, తనకింద ఇంకొకడున్నాడన్న ధీమా. సెంటు భూమి లేకపోయినా కులం బిగువు వదలనివాళ్ళని ఊళ్ళో చూస్తూ పెరిగిన మనకి ఇది అర్థం కాకపోవడమేంటి?

ఇక జీతం సిద్ధాంతం. ఉత్తరాది సైన్యంలో 54వ మసాచుసెట్స్ అని నల్ల సైనికుల రెజిమెంట్. తెల్ల సిపాయికి 13 డాలర్లు, వీళ్ళకి 10, అందులోనూ 3 బట్టలకి కోత. సమానంగా ఇస్తేనే తీసుకుంటాం అని ఏడాదికి పైగా పైసా ముట్టలేదు. తేడా మేమిస్తామని రాష్ట్రం ముందుకొచ్చినా వద్దన్నారు. అలా చేతిలో జీతం లేకుండానే 1864 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఒలస్టీలో యుద్ధం చేశారు. సమాన జీతానికి కాంగ్రెస్ ఒప్పుకుంది ఆ జూన్‌లో.

ఇదంతా చెప్తే మా పెద్దమనిషి, "నువ్వు ప్రతిదానికీ సీరియస్ అయిపోతావయ్యా" అంటూ పులిహోర డబ్బా మూత తీశాడు.