మారనెల్లో కారు, మన ఊరి కారు

రామతీర్థమున శ్రీరామనవమి కల్యాణమునకును, మహాశివరాత్రి జాతరకును విజయనగరము నుండి నెల్లిమర్ల మీదుగా సాగివచ్చు వాహనముల నడుమ నేటికిని ఎప్పుడో ఒకమారు పాత ఫియట్టు కారొకటి కంటబడుచుండును. దానిని చూచి వయసు మళ్ళినవారు తమ యౌవనమును తలచుకొందురు. పడుచువారు సెల్‌ఫోను తీసి ఫొటో తీసికొందురు. కాని ఆ బానెట్టు క్రింద నున్న చిన్న ఇంజనునకును, వేలములందు కోట్లకొలది డాలర్లు పలుకు ఇటలీ దేశపు పందెపు కార్లకును దగ్గరి చుట్టరికము గలదని ఎఱిగినవారు మనలో మిక్కిలి తక్కువ. పాత ఇటలీ కార్లను గూర్చిన వ్రాతలన్నియు అందరాని బండ్లను వర్ణించుటతోనే సరిపుచ్చుచుండగా, ఆకర్షణ యొకటి, యాజమాన్యము వేఱొకటి యనియు, ఆ రెండును ఒక్కచోట కూడిన బండి మన వీధులలోనే నలుబదేండ్లకు పైబడి తిరిగినదనియు, దానిని మనము చేజేతుల పోగొట్టుకొనుచున్నామనియు నేను గట్టిగా నమ్ముచున్నాను.

1937లో ఫియట్ సంస్థ 508సి అను కారు కొఱకు నాలుగు సిలిండర్ల ఇంజను నొకదానిని సిద్ధపఱచెను. సిలిండరు వ్యాసము 68 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు, మొత్తము 1089 సి.సి. మన ఊళ్ళలో ఫియట్టని పిలువబడు పద్మిని కారుపై చేయి తిరిగిన మన మెకానిక్కులకు ఈ కొలతలు కొత్తవి కావు, ఏలయన దాని కొలతలును ఇవియే. ఆల్ఫా రోమియో సంస్థతో తెగతెంపులు చేసికొని, కొంతకాలము తన పేరిట పందెపు బండ్లను నడపరాదను ఒడంబడికకు లోబడి, మోడెనా నగరమున వేఱుగా కర్మాగారము పెట్టుకొనిన ఎన్‌జో ఫెరారి, తాను స్వయముగా నిర్మింపబూనిన మొట్టమొదటి కారునకు ఈ ఫియట్టు చట్రమునే తీసికొని, ఈ 1100 ఇంజను సిలిండరు హెడ్లు రెంటిని ఒక కొత్త బ్లాకుపై వరుసగా బిగించి, ఎనిమిది సిలిండర్ల ఇంజనుగా మలచెను. 815 అను పేరుగల ఆ కార్లు రెండు 1940 ఏప్రిల్‌లో బ్రెషియా పందెమున బరిలోనికి దిగినవి. రెండును గమ్యము చేరకయే ఆగిపోయినవి. వానిలో ఒకదానిని నడపిన యువకుడు అనంతరకాలమున రెండుమారులు ప్రపంచవిజేతయైన ఆల్బెర్టో ఆస్కారి.

యుద్ధము ముగిసిన పిమ్మట టూరిన్ నగరమున పియెరో డుసియో నెలకొల్పిన చిసిటాలియా సంస్థ, ఈ 1089 సి.సి. ఇంజనునే ఆధారము చేసికొని 202 అను కారును నిర్మించినది. పినిన్ ఫరీనా దానికి తొడిగిన లోహదేహమున రెక్కలు, బానెట్టు, దీపములు వేఱువేఱు భాగములుగా గాక ఒకే రేఖలో ప్రవహించి కలిసిపోవుట చూచి కళావేత్తలు ముగ్ధులైరి. న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల 1951లో ఎనిమిది కార్లను కళాఖండములుగా ప్రదర్శింపబూనినపుడు వానిలో దీనికి స్థానము లభించినది. 1947 నాటి మిల్లే మిలియా పందెమున, 54 ఏండ్ల వయస్సులో, ఆరోగ్యము క్షీణించిన దేహముతో, పైకప్పు లేని 202లో కూర్చుండి తాజియో నువొలారి చివరి దశ వఱకును అందఱికంటె ముందుండెను. జడివానకు ఇంజను తడిసి మొరాయించుటచే, దాదాపు మూడు లీటర్ల ఇంజనుగల బియొండెట్టి ఆల్ఫా కారు వెనుక రెండవ స్థానముతో తృప్తిపడవలసివచ్చెను. చుట్టాలను తీసికొని రామతీర్థము కొండ క్రిందికి వచ్చిన మన ఫియట్టుకును, నువొలారి నడపిన ఆ బండికిని మూలము ఒక్కటే యని తలచినపుడు నాకు కలుగు సంతోషము ఇంతంత కాదు.

ఆ వంశపు ఇంజనే డాంటె జకోసా రూపొందించిన 1953 నాటి 1100 కారులోనికి చేరి, వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి కుర్లా కర్మాగారము ద్వారా మనకు లభించినది. 1964లో డిలైట్ అనిరి. తరువాత ప్రెసిడెంట్ అనిరి. 1970ల నడుమ నుండి పద్మిని అనిరి. పేరెన్ని మాఱినను మన ప్రాంతమున అది ఫియట్టే. కలెక్టరు గారికిని, మంత్రి గారికిని డ్రైవరు నడపు అంబాసిడరు ఎట్లో, తన కారును తానే నడపుకొను డాక్టరు గారికిని, ప్లీడరు గారికిని ఫియట్టు అట్లు. స్టీరింగు ప్రక్కనే చేతికందు గేరు, పలుచని కిటికీ కమ్ములు, ఇఱుకు సందులలో సయితము తేలికగా తిరుగు చిన్న దేహము గలది. సుమారు 40 అశ్వశక్తి మాత్రమే యున్నను, గేరును సమయమెఱిగి మార్చువాని చేతిలో అది చూపు చుఱుకుదనము అంబాసిడరునకు లేదు. ఆ చుఱుకుదనమే ఇటలీవారి సంతకము.

ఇక అందరాని వానిని గూర్చి చెప్పుదును. 1966లో జెనీవా ప్రదర్శనమున లాంబోర్గిని మియూరాను చూచినవారు నోటమాట లేక నిలిచిపోయిరనుటలో అతిశయోక్తి లేదు. ట్రాక్టర్లు చేసికొను ఫెరుచ్చియో లాంబోర్గిని కార్ల కర్మాగారము పెట్టి అప్పటికి మూడేండ్లే. బెర్టోనె శిల్పశాలలోని మార్చెల్లో గాందీని ఇంకను ముప్పది నిండని యువకుడు. పండ్రెండు సిలిండర్ల ఇంజనును సీట్ల వెనుక అడ్డముగా కూర్చి, దానిపై ఆ దేహమును పఱచిన ఘనత వారిది. సౌందర్యమునకు పోటీ పెట్టినచో నా వోటు నేటికిని మియూరాకే. కాని దానిని ఏలుకొనుట యెట్టిది? స్థలము చాలక ఇంజనునకును గేరుపెట్టెకును ఒకే ఆయిలును పంచియిచ్చుటచే గేర్లు అరిగిన లోహపురజను ఇంజను బేరింగుల దాక పోవు ప్రమాదము చాలకాలము దానిని వెంటాడినది. మితిమీఱిన వేగమున ముందుభాగము తేలిపోవును. నాలుగు వెబర్ కార్బరేటర్లకు, ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున, పండ్రెండు గొంతులను సరితూచగల చేయి లోకములో ఎందఱికి గలదు? అట్టి చేయి దొరకక పోర్టికోలో గుడ్డ కప్పుకొని నిలిచిన మియూరాకు యజమాని యున్నాడనుటకంటె కావలివాడున్నాడనుట యుక్తము.

ఫెరారిల స్థితియు ఇంతకు భిన్నము గాదు. 1962 నుండి 1964 వఱకు మారనెల్లో కర్మాగారమున 36 మాత్రమే నిర్మింపబడిన 250 జిటిఓ కార్లలో ఒకటి 2018లో అమెరికాలోని మాంటెరే వేలమున 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికినది. పందెములలో మట్టిగొట్టుకొని, తలుపులు సొట్టలుపడి, మరల టింకరింగు చేయించుకొని, మరుసటి వారమే మరల పరుగెత్తిన బండి అది. నేడు దాని రేకుపై గీత పడిన ఎంత సొమ్ము పోవునోయని లెక్కించుకొనవలసిన వస్తువైనది. 1984లో వచ్చిన టెస్టరోసాను చూడుడు: కొన్ని యేండ్ల కొకమారు మార్చితీరవలసిన టైమింగు బెల్టు కొఱకు ఇంజనునంతటిని క్రిందికి దింపవలెను. పాత ఫెరారిలలో నా హృదయము నాకర్షించునది డీనో 246 ఒక్కటే. 24 ఏండ్లకే 1956లో కన్నుమూసిన కుమారుని పేర ఎన్‌జో పెట్టుకొనిన ఆ కారుపై మొదట ఫెరారి ముద్ర సయితము లేదు. ఆఱు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజను, బెల్టు బదులు చైను, మనుష్య ప్రమాణమునకు మించని శరీరము. అయినను అదియు ఇప్పుడు కోటీశ్వరుల పాలయినది.

యాజమాన్యము అను మాటకు నిండైన అర్థము కావలసినచో ఇటలీలోనే మఱికొంత క్రిందికి దిగి చూడవలెను. 1954 నాటి జూలియెట్టా మొదలుకొని ఆల్ఫా రోమియో వాడిన అల్యూమినియము ఇంజను, తలపై రెండు కామ్‌షాఫ్టులు, వానిని త్రిప్పు చైను, అరిగినపుడు ఊడదీసి మార్చదగిన లైనర్లు గలది. పందెపు యంత్రపు నిర్మాణము నొక గుమాస్తా కొనదగిన కారులో పెట్టిన సాహసము వారిది. లాన్చా ఫుల్వియా కూపే అంతకంటె విచిత్రము: రెండు వరుసలు ఇంచుమించు అంటుకొనియుండు ఇఱుకైన నాలుగు సిలిండర్ల ఇంజను, ముందు చక్రములకే శక్తి, గడియారపు పనివాని నైపుణ్యము. 1972లో సాండ్రో మునారి మంచు పేరిన కొండదారులలో తనకంటె బలమైన కార్లను వెనుకవైచి మాంటెకార్లో ర్యాలీ గెలిచినది ఈ చిన్న బండితోడనే. ఇక ఫియట్ 124 స్పైడర్ ఇంజనును రూపొందించిన ఔరేలియో లాంప్రెడి అంతకుముందు ఫెరారి పండ్రెండు సిలిండర్ల ఇంజన్లకు ప్రాణము పోసినవాడు. 1966 నుండి 1985 వఱకు వచ్చిన ఆ స్పైడర్లలో అధికభాగము అమెరికాకే పోయినవి గనుక, అచట స్థిరపడి, పాత ఇటలీ కారుపై మనసుండి, మితమైన సంపాదనగల మనవారికి నేను మొట్టమొదట చెప్పు పేరు అదియే.

ఆ 124 వంశపు దేహము మన దేశమునకును రాకపోలేదు. 1985లో ప్రీమియర్‌వారు 118 ఎన్.ఇ. అను పేరిట దానిని దింపిరి. కాని లోపల పెట్టినది నిస్సాన్ ఇంజను. లాంప్రెడి ఇంజను మన రోడ్లపై మ్రోగు భాగ్యము అట్లు తప్పిపోయినది.

ఈ చిన్న కార్లకును శత్రువు లేకపోలేదు, అది తుప్పు. ఆనాటి ఇటలీ రేకునకు తుప్పును తట్టుకొను శక్తి తక్కువ. ఆల్ఫాలును, లాన్చాలును చల్లని, తడి దేశములలో ఇంజను చెడకముందే నేల రేకు చిల్లులుపడి చెత్తకు పోయినవి. భీమునిపట్నము నుండి కళింగపట్నము దాక సముద్రపుగాలి పీల్చుచు బ్రతుకు మనకు ఈ వ్యాధి క్రొత్తది గాదు. మన ఫియట్టుల తలుపుల అడుగుభాగములు, బ్యాటరీ క్రింది పళ్ళెము, చక్రముల పై కమానులు ఎన్నిమారులు కోసి అతుకువేసిరో లెక్కలేదు. ఆ అతుకులు వేసిన చేతులను గూర్చియే నేను ముఖ్యముగా చెప్పదలచితిని. చట్రమునకు కొలత తీయుట ఏ పాఠశాలలోను నేర్వక, విజయనగరము షెడ్డులలో పదియేండ్ల ప్రాయమున పానాలు అందించుటతో మొదలుపెట్టి, పాయింట్ల సందును వ్రేలితో పోల్చగలిగి, కార్బరేటరు పాడినది విని జెట్టు మార్చగలిగి, దొరకని బుష్షును లేతుపై తీయించి, అరిగిన బోరును కోయించి పైకొలత పిస్టన్లు వేసి, మఱియొక లక్ష కిలోమీటర్లకు బండిని సిద్ధముచేసి పంపిన మెకానిక్కులు మన కుండిరి. మియూరా యజమానికి ధనమున్నను దొరకని వస్తువు అది. ఫియట్టు యజమానికి అది వీధి మలుపున దొరకినది. పాత కారును తనదిగా చేసికొనుటలో సగము భాగము ఈ పనివానితో కలుపుకొను స్నేహమే. తక్కిన సగము, ఆదివారము నాడు తానును చేతులకు గ్రీజు పూసికొనుట.

ఆ పనివారు ముదుసళ్ళైరి. వారి షెడ్డులలో నేర్చుకొను పిల్లలు కంప్యూటరు తగిలించి దోషము చదువు విద్యవైపు మఱలిరి. బ్రతుకుతెరువు కొఱకు మఱలుట తప్పు గాదు. బొంబాయిలో 2023 అక్టోబరు చివర నలుపు పసుపు పద్మిని టాక్సీ తుదిసారిగా రోడ్డు దిగినది, ఇరువదేండ్ల వయఃపరిమితి నిండుటచే. మనయొద్ద అట్టి వీడ్కోలు కూడ లేక, ఒక్కొక్కటే పాత ఇనుము కొట్టునకు పోవుచున్నవి.

ఇందుకు చట్టము కొంత కారణము. 2021 నాటి కేంద్ర నియమములు ఏబదేండ్లు దాటిన వాహనమునకే వింటేజి గౌరవమిచ్చి, 20,000 రూపాయల రుసుముతో పదియేండ్ల ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించుచు, నిత్యము రోడ్డుపై నడపరాదని నిర్బంధించినవి. ఏబది నిండని బండికి ఆ గౌరవము లేదు. దాని రిజిస్ట్రేషను పొడిగింపునకు పూర్వము 600 రూపాయలు కాగా, 2022 ఏప్రిల్‌ నుండి 5,000 ఆయెను. 2025లో ఇరువదేండ్లు పైబడిన కార్లకు 10,000 ఆయెను. 1988 నాటి పద్మినిని తండ్రి జ్ఞాపకముగా నిలుపుకొనిన యొక విశ్రాంత ఉపాధ్యాయుడు, వింటేజి కానందుకు గౌరవమును పోగొట్టుకొని, పాతదైనందుకు దండుగను చెల్లించుకొనుచు, పొగ మితిమీఱకున్నను దోషివలె నిలువవలసివచ్చుచున్నది. కాలుష్యమునకు భయపడుట న్యాయమే. కాని నెలకు నాలుగుమారులు గుడికిని, సంతకును పోయివచ్చు కారు వదలు పొగ యెంత, దానిని తుక్కుచేసి క్రొత్తది కరిగించి పోతపోయుటలో వెలువడు పొగ యెంత అని తూచి చూడవలసియున్నది. చారిత్రక వాహనముల అంతర్జాతీయ సమాఖ్య ముప్పదేండ్లు నిండినదానినే చారిత్రకమని పరిగణించును. ఇటలీలో ముప్పదేండ్లు దాటిన కారునకు వార్షికపు పన్ను లేదు. రోడ్డెక్కించిన యేడు స్వల్పమైన రుసుము చెల్లించిన చాలును. కనుకనే అచటి పల్లెలలో ఫుల్వియాలును, పాత 1100లును ఇంకను ఆదివారపు అంగడికి పోయివచ్చుచున్నవి.

కేంద్ర రవాణాశాఖవారు ముప్పదేండ్లు నిండి, మూలపు ఇంజనుతో, మూలపు దేహముతో, తగిన స్థితిలోనున్న స్వంత కార్లకు వేఱొక తరగతి నేర్పఱచి, పరిమితముగా నడపుకొను హక్కుతోపాటు పూర్వపు 600 రూపాయల రుసుమునే తిరిగి నిర్ణయింపవలెను. రాష్ట్రప్రభుత్వము విజయనగరము, శ్రీకాకుళము ఐటిఐలలో ఏడాది కొక చిన్న తరగతి పెట్టి, ఇంకను చేతులాడుచున్న ఫియట్టు మెకానిక్కులను గౌరవవేతనముతో పిలిపించి, కార్బరేటరు, పాయింట్లు, బోరింగు, రేకు అతుకు పనులను పిల్లలకు నేర్పింపవలెను. ఈ రెంటికి వలయు సొమ్ము అత్యల్పము. ఆలస్యమైనకొలది నేర్పువారు దొరకరు గనుక, రానున్న విద్యాసంవత్సరమునందే దీనిని మొదలుపెట్టవలెనని మన జిల్లాల ప్రజాప్రతినిధులను కోరుచున్నాను.