దాతృత్వానికి దస్త్రమే సాక్షి

సీతమ్మధార వాసులమైన మాకు పెద్దాసుపత్రి అంటే కింగ్ జార్జి ఆసుపత్రియే. రోగిని చూడబోయినవారు వేచి ఉన్నంతసేపు గోడలను చూడక తప్పదు. మన పాత ఆసుపత్రుల గోడలపై దాతల పేర్లు చెక్కిన పాలరాతి ఫలకాలు తరచుగా కనిపిస్తాయి. ఎవరిచ్చారో ఆ ఫలకం చెబుతుంది, ఎందుకిచ్చారో చెప్పదు. అది తెలియాలంటే దస్త్రం చూడాలి. ఆ దస్త్రాలను చిత్తుకాగితాలుగా భావించే మన అలవాటు మారాలని నా అభిప్రాయం.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో థామస్ బాండ్, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ల కృషితో 1751లో పెన్సిల్వేనియా ఆసుపత్రి ఏర్పడింది. దాని నిర్వాహకుల సమావేశ వివరాలు తొలినాటి నుండి భద్రంగా ఉన్నాయి. పెన్సిల్వేనియాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన చిత్రకారుడు బెంజమిన్ వెస్ట్‌ను 1800లో వారు ఒక చిత్రం విరాళంగా ఇమ్మని అర్థించారు. దేవాలయంలో క్రీస్తు రోగులను స్వస్థపరచే ఘట్టాన్ని ఆయన చిత్రించాడు. కాని 1811లో దానిని లండన్‌లోని ఒక కళాసంస్థ 3,000 గినీలకు కొన్నది. ఇంతవరకే తెలిసినవారు వెస్ట్ ఆడిన మాట తప్పాడనుకుంటారు. ఆయన మరొక చిత్రం రచించి పంపగా, అది 1817లో ఫిలడెల్ఫియా చేరింది. ఆ ఆసుపత్రి మతి చలించినవారికి కూడ ఆశ్రయమిచ్చేది. అందుచేత మొదటి చిత్రంలో లేని ఒక ఉన్మాదిని వెస్ట్ రెండవదానిలో చేర్చాడు. చిత్రం కోసం నిర్వాహకులు ప్రత్యేక భవనం కట్టించి, రుసుము తీసుకొని ప్రజలకు చూపించారు. ఆ ఆదాయం ఆసుపత్రికే చేరింది. ఉత్తరాలూ లెక్కలూ నశించి ఉంటే మిగిలేది ఒక పెద్ద పటం మాత్రమే.

ఆ పెన్సిల్వేనియా నుండే డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. స్త్రీలకు, శిశువులకు వైద్యం చేస్తూ, 1898లో ఆసుపత్రిని ప్రారంభించారు. తన భార్యకు అక్కడ జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు రోగుల బంధువులకై సత్రం కట్టించారు. ఆసుపత్రికి సత్రమేమిటని అడగవచ్చు. మన దేశంలో రోగి ఒంటరిగా రాడు. వెంట తల్లి, అత్త, వంటపాత్రలు కూడ వస్తాయి. అది ఎరిగిన దాత ఇచ్చిన దానమది. నాకు వెస్ట్ చిత్రం కంటె ఈ సత్రమే గొప్పగా తోస్తుంది. కుగ్లర్ 1928లో తన ఆసుపత్రి చరిత్రను స్వయంగా గ్రంథస్థం చేసి, 1930లో కన్నుమూశారు. రెండేండ్లు ఆలస్యమై ఉంటే ఆ గ్రంథమే లేదు.

మందులకే ధనం చాలనప్పుడు కాగితాలకు ఖర్చెందుకని కొందరంటారు. ఆ మాటను తేలికగా త్రోసివేయలేను. అయితే నేను కోరేది భవనాలు కాదు. చెదలు చేరని ఒక గది, ఒక జాబితా, బాధ్యత వహించే ఒక ఉద్యోగి. రోగుల వివరాలు రహస్యంగా ఉండవలసినవే. వాటిని కొన్ని దశాబ్దాలు ఎవరికీ చూపకుండా ఉంచవచ్చు. సమావేశాల తీర్మానాలకు, విరాళాల పుస్తకాలకు ఆ అభ్యంతరం లేదు.

విశాఖలో వైద్య కళాశాల 1923లో మొదలైంది. 2023లో దానికి నూరేండ్లు నిండాయి. ఇటువంటి సంస్థల పాత గుమాస్తాల గొలుసుకట్టు వ్రాతను తడుముకోకుండా చదవగల వృద్ధులు మన వీధులలో ఇంకా కొందరున్నారు. పని వారితోనే మొదలుపెట్టాలి, వారుండగానే.