డిగ్రీకీ పీహెచ్‌డీకీ మధ్య పది నెలలు

బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ కూలీ కూతురు ఒకమ్మాయి బీఎస్సీ పూర్తి చేసింది. జ్ఞాపకాలు మెదడులో ఎలా నిలుస్తాయో పరిశోధించాలని ఆమె కోరిక. బెంగళూరులో ఒక ల్యాబుకు రాస్తే అనుభవం లేనివాళ్లను తీసుకోబోమన్నారట. అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంట్లో ఇప్పుడు బీఈడీ చేయమంటున్నారు. ఈ సంగతి విన్నప్పటి నుంచి నా కడుపు రగులుతోంది.

న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ సీటు ఒట్టి మార్కులకు రాదు. నెట్ గట్టెక్కినా, టీఐఎఫ్‌ఆర్ పరీక్ష గట్టెక్కినా ఇంటర్వ్యూ తప్పదు. నువ్వు చేసిన ప్రయోగమేదో చెప్పమంటారు. ఎలుక మెదడును పలుచటి పొరలుగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసిన పిల్ల గడగడా చెబుతుంది. రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్న పిల్ల ఏం చెబుతుంది? తెలివిలో ఇద్దరూ ఒకటే. ఒకరి చేతికి పని దొరికింది, ఇంకొకరికి దొరకలేదు.

అమెరికాలో ఎన్‌ఐహెచ్ అనే వైద్య పరిశోధన సంస్థ డిగ్రీ అయినవాళ్లను ఒకటి రెండేళ్లు ల్యాబులో పెట్టుకుని, స్టైపెండ్ ఇచ్చి పని నేర్పుతుంది. మన సైన్సు అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ రెండు నెలల ముచ్చట. జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, నిజమే. అది అర్హత సాధించినవాళ్లకు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చని యూజీసీ 2022లో చెప్పింది. ల్యాబు ముఖం చూడని పిల్లలకు దానివల్ల ఒరిగేదేమిటి?

మన ఆంధ్రప్రదేశ్ 2020-21లోనే డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తెచ్చింది. ఆలోచన బంగారం. కానీ డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్లు నేను కళ్లారా చూశాను. ఆ పది నెలల్లో పిల్లలు పైథాన్, స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి. వారానికో పరిశోధనా పత్రం చదివి నలుగురి ముందు వివరించాలి. తప్పిన ప్రయోగం మళ్లీ చేయాలి. వాళ్ల పని దగ్గరుండి చూసిన శాస్త్రవేత్త రాసే సిఫారసు లేఖకు ఎంతో విలువ. ఈ పని నేర్పడానికి హైదరాబాదులో సీసీఎంబీ, తిరుపతిలో ఐసర్, బెంగళూరులో నిమ్‌హాన్స్ లాంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. హాస్టల్ ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే చాలు. ఇంగ్లీషు రాదన్న సాకూ చెల్లదు. ఐఐటీ మద్రాసులో మెదడుపై పరిశోధించే వి. శ్రీనివాస చక్రవర్తి గారు సైన్సును చక్కటి తెలుగులో రాస్తున్నారు.

మెదడు దాకా ఎందుకు, బేతంచెర్ల దగ్గరి మన బిల్లసర్గం గుహల సంగతే చూడండి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ మట్టిలోంచి ఎన్నో జంతువుల ఎముకలు బయటపడ్డాయి. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద ప్రయోగశాల పెట్టుకుని మన పిల్లల్లో ఎందరికి ఆ మట్టిపొరలు చూపించాం? చూపించాలంటే లెక్చరర్ ఉండాలి. పోస్టులు భర్తీ చేయకుండా, కాంట్రాక్టు జీతాలతో నెట్టుకొస్తూ పరిశోధకులు పుట్టుకు రావాలంటే ఎక్కణ్ణుంచి వస్తారు?

ముందు ఆ పోస్టులు నింపండి. వచ్చే ఏడు నంద్యాల జిల్లా నుంచి కనీసం పదిమందిని పది నెలలు నిజమైన ల్యాబులకు పంపండి. సీటు తెచ్చుకునే పూచీ పిల్లలది.