ఉచిత నీటికీ కరెంటు బిల్లు ఉంది

హైదరాబాద్ జలమండలి ఖర్చుల్లో పెద్ద పద్దు కరెంటు బిల్లే. ఒకప్పుడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు పల్లానికి వాటంతటవే దిగి నగరానికి చేరేవి. ఇప్పుడు నగరం దాహం తీర్చేది ఎక్కువగా కృష్ణా, గోదావరి. నాగార్జునసాగర్ జలాశయం నుంచి వంద కిలోమీటర్లకు పైగా, ఎల్లంపల్లి నుంచి అంతకన్నా ఎక్కువ దూరం, మధ్యమధ్య మోటార్లతో ఎత్తిపోస్తే తప్ప ఆ నీళ్లు నల్లాకు రావు. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. డ్రమ్ము నీళ్లకు డబ్బు పోసే బస్తీ కుటుంబానికి ఇది నిజమైన ఊరట, దాన్ని తీసేయమనడం అన్యాయం. నా అభ్యంతరం ఉచితం మీద కాదు, దాని లెక్క మీద. విద్యుత్ చట్టం, 2003లోని 65వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా చార్జీ తగ్గించమని చెప్పే ప్రభుత్వం ఆ సొమ్మును విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) ముందుగా చెల్లించాలి. చెల్లించకపోతే ఆ ఆదేశమే చెల్లదు. కరెంటు చార్జీలపై విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది, రైతు సంఘాలైనా వెళ్లి నిలదీయవచ్చు. నీటికి ఆ కట్టుబాటూ లేదు, ఆ వేదికా లేదు. 65వ సెక్షన్ సూత్రం నల్లాకూ వర్తించాలి.

ఉచిత నీటి సొమ్ము సర్కారు ఇవ్వకపోతే జలమండలి కరెంటు బిల్లు కట్టలేదు. జలమండలీ సర్కారుదే, డిస్కమూ సర్కారుదే, ఒకటి మరొకదానికి బకాయి పడితే నష్టమేమిటని కొందరంటారు. కానీ డిస్కం కరెంటు కొనేది ఎన్టీపీసీ లాంటి సంస్థల దగ్గర. వాటికి రొక్కమే కావాలి. జలమండలి కట్టనిది డిస్కం అప్పుగా తెస్తుంది, వడ్డీ పెరుగుతుంది. ఆ దారి చివర ఏముంటుందో 2017లోనే చూశాం: డిస్కంలను అప్పుల నుంచి గట్టెక్కించే కేంద్ర పథకం ఉదయ్ కింద డిస్కంల అప్పులో నాలుగింట మూడు వంతులు రాష్ట్రమే నెత్తికెత్తుకుంది. మళ్లీ అదే జరిగితే నగరంలోని ఈ ఉచిత నీరు అందని పల్లెల ప్రజలూ ఆ భారం మోయాల్సిందే. లెక్క తేలితే ఉచిత నీటి పథకానికే ఎసరు పెడతారన్న భయంలో నిజం లేకపోలేదు. అయితే బకాయిల్లో మునిగిన సంస్థ ముందు ఆపేది మరమ్మతులనే. పాత పైపులు పగిలి మురుగు కలిస్తే ఆ నీళ్లు తాగాల్సింది కూడా ఆ బస్తీవాళ్లే. ఫిల్టర్లున్న ఇళ్లకు ఆ బెడద తక్కువ. చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదన్నదీ ఒప్పుకోవాలి. వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు లేక డిస్కంలు ఇప్పటికీ అంచనాలతోనే సబ్సిడీ అడుగుతున్నాయి. అందుకే ఒక్కో గుడిసెకు కాకపోయినా బస్తీకి నీళ్లిచ్చే ప్రతి పెద్ద పైపుకూ మీటరు పెట్టాలి. ఉచిత నీటికి ఎంత, దాన్ని తెచ్చే కరెంటుకు ఎంత అన్నది బడ్జెట్లో విడివిడి పద్దులుగా చూపి, ఆ సొమ్మును మూడు నెలలకోసారి ముందే విడుదల చేయాలి.