సంతకం మీది... కాపురం వాళ్లది!

‘‘ఇల్లు ఇస్తం గానీ... మీరెవరో మాకు తెల్వదు. ఎరుకున్నోళ్లను ఎవరినన్నా తీసుకొచ్చి సంతకం పెట్టియ్యిండ్రి!’’

సాతంరాయిలో గది వెతుక్కునే కొత్తవాళ్లకు ఇలాంటి మాట ఎదురైతే ఆశ్చర్యం లేదు. బెంగళూరు హైవే మీద, శంషాబాద్‌కు ఆనుకుని ఉన్న ఊరిది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు పెరిగారు. కార్గో, సెక్యూరిటీ, క్యాబులు, హోటళ్లు... అన్నీ షిఫ్టు డ్యూటీలే. ఆఫీసుకు దగ్గర్లో ఓ గది కావాలి. ఇంటి ఓనరుకేమో ముక్కూమొహం తెలియని కుర్రాళ్లను చూస్తే భయం. ఇద్దరి మధ్యా ఇరుక్కునేది... సంతకం పెట్టే పెద్దమనిషి!

ఉదాహరణకు ఇలా అనుకుందాం. రాజేంద్రనగర్‌లో ఉండే ఓ కండక్టరు దగ్గరికి మేనల్లుడు వచ్చాడు. ‘‘మామా, నీ పేరు మీదైతే ఇల్లు ఇస్తరంట. కిరాయి నేనే కడత. నువ్వు ఊరికే సంతకం పెట్టు, చాలు’’ అన్నాడు. అక్క కొడుకు. కాదంటే అక్క బాధపడుతుంది. మామ వెళ్లాడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అప్పటికే టైపు చేసి పెట్టిన అగ్రిమెంటులో, వేలు చూపించిన చోటల్లా సంతకం చేశాడు. నెలకు 8 వేల కిరాయి. రెండు నెలల అడ్వాన్సు 16 వేలు.

నాలుగు నెలలు బాగానే గడిచింది. తర్వాత ఉద్యోగం పోయింది. అయిదు నెలలు కిరాయి కట్టలేదు. ఓ రాత్రి గదికి తాళం వేసి కుర్రాడు వెళ్లిపోయాడు. బకాయి 40 వేలు, కరెంటు బిల్లు 4 వేలు. అడ్వాన్సు పోను 28 వేలు కట్టమంటూ లాయరు నోటీసు వచ్చింది. ఎవరికి? మేనల్లుడికి కాదు... మామకు!

‘‘నేను ఆ ఇంట్లో ఒక్క పూటైనా ఉండలేదు కదా?’’ అన్నది మామ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ గదిలో ఎవరు పడుకున్నారన్నది చట్టం రెండోసారి చూస్తుంది. కాగితం మీద మామ పేరు ఎక్కడ ఉందన్నది మొదట చూస్తుంది.

ఎక్కడ పెట్టారు సంతకం?

ఒకే సంతకం. కానీ అది పడిన చోటును బట్టి బాధ్యత మారిపోతుంది.

సాక్షిగా: ‘నా ఎదుట వీళ్లు సంతకాలు చేశారు’ అని చెప్పడమే సాక్షి పని. కిరాయి ఎగ్గొడితే సాక్షి కట్టక్కర్లేదు. గొడవ కోర్టుకెక్కితే ‘ఆ సంతకాలు వాళ్లవే’ అని చెప్పడానికి రావాల్సి ఉంటుంది. నాలుగింటిలోనూ భయం తక్కువున్న చోటు ఇదే. అయితే ‘సాక్షి’ అన్న మాట పక్కన ఉందో లేదో చూసుకునే చెయ్యాలి.

ఇంకొకరి తరఫున: అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, అతనికి ఇక్కడ ఇల్లు కావాలి, నాన్న సంతకం చేశాడు. కొడుకు ఇచ్చిన పవరాఫ్ అటార్నీ చేతిలో ఉండి, ‘ఫలానా వారి తరఫున’ అని స్పష్టంగా రాసి సంతకం చేస్తే, మామూలుగా బాధ్యత కొడుకుదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ ‘తరఫున’ అన్న మాట లేకుండా, ఎవరి కోసమో చెప్పకుండా ఉత్త సంతకం చేస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు. అసలు అధికారమే లేకుండా ‘ఆయన పంపితే వచ్చా’ అని సంతకం చేస్తే, దానివల్ల ఇంటి ఓనరుకు కలిగిన నష్టం 235వ సెక్షన్ ప్రకారం సంతకం చేసినవాళ్లే భరించాలి.

కాంట్రాక్టు సంస్థల్లో సూపర్‌వైజర్లు ఈ సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి. కూలీల కోసం ఇల్లు తీసుకునేటప్పుడు సంస్థ పేరు, హోదా, స్టాంపు లేకుండా సొంత పేరుతో సంతకం చేస్తే, రేపు సంస్థ చేతులెత్తేసిన రోజు ఓనరు వచ్చేది సూపర్‌వైజరు ఇంటికే.

హామీదారుగా: జనం దీన్నే ష్యూరిటీ అంటారు. ‘అతను కట్టకపోతే నేను కడతా’ అని మాటివ్వడం. చాలామంది దీన్ని మర్యాద కోసం చేసే సంతకం అనుకుంటారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు రాసుకోకపోతే, అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. ‘ముందు అతన్ని అడగండి, రాకపోతే నా దగ్గరికి రండి’ అనే వీలు కూడా లేదు. ఓ బ్యాంకు అప్పు విషయంలో, బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో 1968లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. అసలు బాకీదారు మీద అన్ని ప్రయత్నాలూ అయిపోయాకే హామీదారు దగ్గరికి వెళ్లాలన్న నియమం లేదంది.

కిరాయిదారుగా: మన మామ సంతకం పడింది ఇక్కడే! అగ్రిమెంటులో ‘రెండో పార్టీ’ అంటే ఆయనే. మేనల్లుడి పేరు అందులో ఎక్కడా లేదు. కిరాయి, కరెంటు, విరిగిన తలుపు, పగిలిన వాష్‌బేసిన్... అన్నింటికీ ఓనరు ముందు జవాబు చెప్పాల్సింది ఆయనే. ఇద్దరూ కలిసి కిరాయిదారులుగా సంతకం చేసినా పెద్ద తేడా ఉండదు. 43వ సెక్షన్ ప్రకారం ఓనరు మొత్తం డబ్బును ఒక్కరినే అడగొచ్చు.

ఖాళీ అయితేనే విముక్తి

‘‘ఈ గొడవ నాకెందుకు? ఇక నాకు సంబంధం లేదని నోటీసిచ్చేస్తా’’ అనుకుంటారు కొందరు. నెలవారీ కిరాయి అయితే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వొచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. అయితే అదే చట్టం 108వ సెక్షన్, గడువు ముగిశాక ఇంటిని ఓనరుకు అప్పగించాల్సింది కిరాయిదారేనని కూడా అంటోంది. మామ నోటీసిచ్చినా, మేనల్లుడు లోపలే కూర్చుంటే మామ బాధ్యత తీరదు. తాళంచెవి ఓనరు చేతికి చేరాలి.

ఇంకో చిక్కుంది. పేరు ఒకరిది, ఉండేది ఇంకొకరు కావడంతో ‘నా అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇచ్చారు’ అని ఓనరు అనొచ్చు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో, రాతపూర్వక అనుమతి లేకుండా ఇలా ఇతరులకు కిరాయికివ్వడం ఖాళీ చేయించడానికి ఓ కారణం. ఎవరు ఉంటారో అగ్రిమెంటులోనే పేర్లతో రాయించుకుంటే ఈ పేచీ రాదు.

హామీదారుకు చట్టం కొంత ఊరట ఇచ్చింది. ఆయనకు చెప్పకుండా ఓనరూ కిరాయిదారూ షరతులు మార్చుకుంటే, ఆ తర్వాతి వాటికి హామీదారు బాధ్యత ఉండదు. ఇది 133వ సెక్షన్. 8 వేల కిరాయిని ఆయన్ను అడక్కుండా 11 వేలు చేసుకుంటే ఆయన అభ్యంతరం చెప్పొచ్చన్నమాట. అయితే ‘కిరాయి పెరిగినా, గడువు పొడిగించినా నా హామీ వర్తిస్తుంది’ అన్న వాక్యం అగ్రిమెంటులో ముందే ఉంటే ఈ ఊరట పోయినట్టే. అందుకే చదవకుండా సంతకం చెయ్యొద్దనేది.

కట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

హామీదారు న్యాయంగా కట్టిన డబ్బును అసలు వ్యక్తి నుంచి రాబట్టుకునే హక్కు 145వ సెక్షన్ ఇచ్చింది. కానీ మామ హామీదారు కాదు, కాగితం మీద అసలు కిరాయిదారే. ‘ఆ ఇంట్లో ఉన్నది నువ్వు, కడతానన్నది నువ్వు’ అని మేనల్లుడి మీద ఆయనే రుజువు చేసుకోవాలి. చేతిలో ఒక్క ఉత్తరం ముక్కైనా ఉంటే అది తేలిక. లేకపోతే అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు తెగిపోవడమే మిగులుతుంది. కిరాయి బకాయి మీద దావాకు మూడేళ్ల గడువుంది కాబట్టి, ఆరు నెలలు ఎవరూ అడగలేదని గండం గడిచిందనుకోవడానికీ లేదు.

అలాగని అయినవాళ్లకు సాయం చెయ్యొద్దని కాదు. ఊరు కాని ఊళ్లో పిల్లాడికి మేనమామ కాకపోతే ఎవరు నిలబడతారు? కిరాయిదారుగా మేనల్లుడి పేరే రాయించి, ‘రెండు నెలల కిరాయి, అంటే 16 వేల వరకు, 11 నెలల పాటే నాది పూచీ’ అని హామీదారుగా సంతకం చేసి ఉంటే మామకు ఆ 28 వేల నోటీసు వచ్చేది కాదు. మహా అయితే 16 వేలతో పోయేది. పిల్లాడికి ఇల్లూ దొరికేది.

సంతకానికి ముందు...

* అగ్రిమెంటు ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదవండి. మీ పేరు పక్కన కిరాయిదారు, హామీదారు, సాక్షి... ఏ మాట ఉందో చూడండి.

* హామీ అయితే ఎంత మొత్తానికి, ఎన్ని నెలలకు అన్నది అంకెల్లో రాయించండి. కిరాయి పెంచినా, గడువు పొడిగించినా మీ రాతపూర్వక అంగీకారం ఉండాలని చేర్పించండి.

* గడువు మధ్యలో హామీ నుంచి తప్పుకోవడం తేలిక కాదు. ఎన్ని రోజుల నోటీసుతో తప్పుకోవచ్చో ముందే రాసుకోండి.

* రెండు నెలలు కిరాయి ఆగితే మీకు తెలియజేయాలన్న షరతు పెట్టండి.

* ఎవరి కోసం సంతకం చేస్తున్నారో వాళ్ల నుంచి ‘కిరాయి, ఖర్చులు నావే’ అని కాగితం తీసుకోండి. మేనల్లుడైనా సరే!

* అడ్వాన్సు ఎవరు కట్టారో, ఎవరికి తిరిగివ్వాలో రాయించండి.

* అగ్రిమెంటు కాపీ ఒకటి మీ బీరువాలో ఉండాలి. ఖాళీ చేసిన రోజు తాళంచెవి అప్పగించినట్టు ఓనరు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

* నోటీసు వస్తే పక్కన పడెయ్యకండి. అగ్రిమెంటు పట్టుకుని వెంటనే లాయర్ని కలవండి.