జూలూ పాఠనిధిలో ఒంటిపద వాక్యాలు: శుద్ధి పేరిట నష్టం

పాఠనిధుల నిర్మాణంలో శుద్ధి పేరిట ఒక అలవాటు స్థిరపడింది. రెండు మూడు పదాలకు మించని వాక్యాలను చదవకుండానే చెత్తగా లెక్కగట్టి తొలగిస్తారు. ఇంగ్లీషుకు దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. జూలూకు వర్తింపజేయడం మాత్రం పదాల మధ్య ఖాళీని వ్యాకరణంగా భ్రమించడమే.

‘ఙ్గియకుథాండ’ జూలూలో ఒకే పదం, పూర్తి వాక్యం: నేను నిన్ను ప్రేమిస్తున్నాను. ‘ఙ్గి’ కర్త, ‘కు’ కర్మ, ‘థాండ’ క్రియ. బంటూ కుటుంబానికే చెందిన ఉత్తర సోతోలో ఇదే మాట ‘కె అ గొ రాత’. అంశానికి అంశం సరిపోతుంది. జూలూ కలిపి రాస్తుంది, సోతో విడదీసి రాస్తుంది, అంతే. నాలుగు పదాల కనీస నియమం పెడితే సోతో వాక్యం నిలుస్తుంది, జూలూ వాక్యం చెత్తబుట్టకు చేరుతుంది. ‘వచ్చినవాడెవడు’, ‘వచ్చిన వాడు ఎవడు’ అన్న రెండు రాతలూ ఎరిగిన తెలుగు పరిశోధకులకు ఇందులోని అసంబద్ధత వివరించనక్కరలేదు.

అసలు నష్టం మరొకచోట ఉంది. జూలూ వర్తమాన క్రియకు రెండు రూపాలున్నాయి. ‘ఉఫుండ ఇసిజూలు’ అంటే జూలూ చదువుతున్నాడు, లేదా చదువుతున్నది (లింగభేదం ఆ క్రియలో లేదు). తర్వాత ఏమీ రాకపోతే ‘ఉఫుండ’ అని ఆపడం కుదరదు, ‘ఉయఫుండ’ అనాలి. తన పదబంధం క్రియతోనే ముగిసిందని ఆ ‘య’ తెలుపుతుంది. ఇది అతి స్పష్టంగా కనిపించే చోటు ఒంటిపద వాక్యమే. వాటిని తీసేశాక ‘య’ ప్రయోగాల లెక్క ఒకవైపుకు ఒరిగిపోతుంది. ఆ ఒరుగుదలను భాషా స్వభావమని సిద్ధాంతీకరించే ప్రమాదమూ పొంచి ఉంటుంది.

పొట్టి పంక్తుల్లో చెత్త లేదని కాదు. పత్రికా శీర్షిక ‘ఎజెమిడ్లాలొ’, అంటే క్రీడలు, కూడా ఒంటిపదమే. అది వాక్యం కాదు. అయితే దానిని ‘ఉయఫుండ’ నుంచి వేరుచేసేది పదసంఖ్య కాదు, కర్తను సూచించే పూర్వప్రత్యయంతో కూడిన సమాపక క్రియ. పదాన్ని విడగొట్టి చూసే విశ్లేషకానికి అసాధ్యమైన పని కాదది. కొంత శ్రమ, జూలూ తెలిసినవారి పర్యవేక్షణ కావాలి. ఆ రెండింటినీ తప్పించుకోవడానికే పదాల లెక్కను ఆశ్రయిస్తున్నారు. అలా వడబోసిన పాఠనిధి నుంచి సగటు వాక్యదైర్ఘ్యం తీసి, జూలూను మరో భాషతో పోల్చే పట్టికలను ప్రమాణంగా స్వీకరించకూడదు.